కొలత ఆదివారం

పొద్దున్నే ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకుని, రాళ్లు ఏరుకుంటూ గుమ్మంలో కూచోవడం జీవరత్నానికి కాపరానికి వచ్చిన నాటినుంచీ అలవాటు. ఇప్పుడిచ్చే రేషను బియ్యంలో రాళ్లు పెద్దగా ఉండవు. అయినా చేతులు ఊరుకోవు. లోపల మంచం మీద ఆమె మొగుడు ఎలీషా దగ్గుతుంటాడు. కంకిపాడు పక్కన రైసు మిల్లులో వయసంతా బస్తాలు మోసిన మనిషి. మిల్లుని అతను వదిలేశాడు గానీ మిల్లు దుమ్ము అతన్ని వదల్లేదు. దగ్గు కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా, "టీ చుక్క పోస్తావా రత్నం?" అంటాడు. "పోస్తాలే, ఉన్నదొక్కటే పొయ్యి" అంటుంది జీవరత్నం, లేవకుండానే.

ఎసరు మరిగాక, బియ్యం పొయ్యబోయే ముందు, ఒక గుప్పెడు పక్కకు తీస్తుంది. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతుంది. ఆ పేటలో చర్చికి వెళ్లే ఆడవాళ్లంతా చేసే పనే అది. వాళ్ల అమ్మలు చేశారు, అత్తలు చేశారు. దేవుడి గుప్పెడు తియ్యకుండా వండిన అన్నం ఒంటబట్టదని వాళ్ల నమ్మకం. అలా తీసిన బియ్యాన్ని ఇంట్లో ఒక డబ్బాలో దాచి, నెలకొక ఆదివారం చర్చికి తీసుకెళ్తారు. అక్కడ అందరి ముందూ మానికతో కొలిచి, ఎవరివెన్నో పైకి చదివి, అమ్మి, వచ్చింది మిషనుకి పంపుతారు. దాన్నే వాళ్లు కొలత ఆదివారం అంటారు.

జీవరత్నానికి డబ్బా అక్కర్లేదు. పొయ్యి పక్కన ఆవిడ అత్తగారి నాటి నల్ల కుండ ఒకటుంది. ఆవిడ గుప్పెడు తీసి కళ్లు తెరిచేసరికి ఆ కుండలోంచి ఒక చెయ్యి పైకొచ్చి ఉంటుంది. చిన్నపిల్ల చెయ్యి, మోచేతి దాకా. నల్లని చెయ్యి, లేత రంగు అరచెయ్యి, బొటనవేలి కింద కాలిన మచ్చ. అరచెయ్యి చాచి ఊరుకుంటుంది. జీవరత్నం గుప్పెడు దానికి ఒక్కసారికి పట్టదు కాబట్టి రెండు విడతలుగా పోస్తుంది. మొదటి విడతకి లోపలికెళ్లి, మళ్లీ వచ్చి, రెండోది కూడా అందుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత కుండలో చూస్తే అడుగున మసి తప్ప ఏమీ కనిపించదు.

ఆ చెయ్యి ఎక్కడిదని పేటలో ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసిందే కనక. ఆ పేటలో పుట్టిన మరియదాసు మొజాంబిక్ వెళ్లి, అక్కడొక రేవులో క్రేను నడిపి, ఆ సముద్రపు ఒడ్డున జాలరి పిల్లల ఆకలి చూడలేక ఉద్యోగం మానేసి, భార్యతో కలిసి ఒక రేకుల షెడ్డులో గంజి కేంద్రం పెట్టాడు. పేటవాళ్లు మిషను అనేది దాన్నే. పెద్ద సంస్థ కాదు, వెనక దొరల డబ్బు లేదు. ఉన్నదల్లా ఈ పేట ఆడవాళ్ల గుప్పెడు బియ్యమే. అందరి బియ్యమూ డబ్బుగా మారి బ్యాంకులోంచి వెళ్తుంటే జీవరత్నం బియ్యం మాత్రం నేరుగా వెళ్తున్నాయని అందరూ సంతోషించారు.

పాలు పొయ్యడానికి వచ్చే వెనక వీధి సుబ్బరత్నం గుమ్మంలోంచే కేకేసేది. "వదినా, వచ్చెళ్లిందా చెయ్యి?"

"ఇప్పుడే వెళ్లింది."

"నిన్న చూశా, గోళ్లు పెరిగినయ్. కత్తిరించకూడదూ?"

గోళ్లు కత్తిరించేది జీవరత్నం. చలికాలం కొబ్బరి నూనె రాసేది. ఒకరోజు సుబ్బరత్నం దిష్టి తాడొకటి తెచ్చి, "పరాయి ఊళ్లు తిరిగే చెయ్యి, కట్టు" అంది. దిష్టి తాళ్లు చర్చివాళ్లు కట్టరు. జీవరత్నం ఒక పూటంతా ఆలోచించి, చివరికి మణికట్టుకి కాస్త వదులుగా, పిల్ల పెరిగినా సరిపోయేట్టు కట్టింది. ఆ తర్వాత పాస్టరుగారొచ్చి చూసి, "దారం దారమేగా" అని టీ తాగి వెళ్లారు. పోయినేడు మరియదాసు పంపిన వీడియో చర్చిలో వేసినప్పుడు అక్కడి పిల్లలంతా చేతులూపుతూ పాడారు. జీవరత్నం ముఖాలు చూడలేదు, మణికట్లే చూసింది. ఒక మూలన నల్లతాడున్న చెయ్యి కనిపించింది. ముఖం మాత్రం వీడియోలో పడలేదు.

నిజం చెప్పాలంటే ఆవిడకి ముఖం అక్కర్లేదు. సుస్మిత అని వాళ్లకొక కూతురుండేది. రెండో తరగతిలో ఉండగా విషజ్వరం వచ్చి చనిపోయింది. చర్చి వెనక సమాధుల దొడ్డిలో, చివర మునగచెట్టు దగ్గర పెట్టారు. కుండలోంచి చెయ్యి మొదటిసారి వచ్చినరోజు జీవరత్నం దాని కొలత చూసుకుంది. సరిగ్గా సుస్మిత చెయ్యంత ఉంది. ఆ రోజు నుంచీ ఆవిడ పొయ్యి దగ్గర పాటలు పాడుకోవడం ఎలీషా విన్నాడు.

ఇక కొలత ఆదివారాల సంగతి. జీవరత్నం ఖాళీ చేతులతో వెళ్లేది. పేరు చదివినప్పుడు, "జీవరత్నమ్మగారివి నేరుగా వెళ్లాయి" అని పాస్టరుగారు అనేవారు, అందరూ "స్తోత్రం" అనేవారు. జయపాల్ సంఘ కార్యదర్శి అయ్యేవరకూ అలాగే జరిగింది.

జయపాల్ కూడా ఆ పేటవాడే. బెజవాడలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరై, పటమటలో ఫ్లాటు కొనుక్కుని, ఆదివారాలు కారులో వస్తాడు. జీవరత్నాన్ని పిన్నీ అని పిలుస్తాడు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. రోడ్డు వెడల్పులో సమాధుల దొడ్డి సగం పోయింది. మిగిలిన కాస్త స్థలం కోసం తగాదాలు మొదలయ్యాయి. అప్పుడు జయపాల్ ఒక రూలు పెట్టించాడు. కొలతలో బియ్యం పడిన ఇళ్లవాళ్లకే ఇకనుంచి దొడ్డిలో చోటు. మిగతావాళ్లు కాలువ దిగువన పంచాయతీ శ్మశానానికి వెళ్లాలి. వానాకాలం అక్కడ నీళ్లు నిలిచి, పూడ్చిన శవపెట్టె పైకి తేలడం పేటవాళ్లు చూసే ఉన్నారు.

ఎలీషాకి ఆయాసం ఎక్కువై, ఆస్పత్రివాళ్లు కూడా ఇంటికి తీసుకుపొమ్మన్నాక, జయపాల్ చూడ్డానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ పొయ్యి దగ్గరికే జరుపుకుని కూచున్నాడు. జీవరత్నం వంటలో ఉంది.

"నాయనా జయపాలూ, మీ బాబాయిదొకటే కోరిక. పిల్ల పక్కన రవ్వంత చోటుంది. ఆయన్ని అక్కడ పెట్టిస్తే చాలు."

"పిన్నీ, నాకు మాత్రం ఉండదా? కానీ నీ పేరు మీద ఇన్నేళ్లూ ఒక్క గింజ పడలా. రూలు పెట్టిందే నేను. నేనే తప్పితే నలుగురూ ఏమంటారు?"

అంతలో ఎసరు మరిగింది. జీవరత్నం గుప్పెడు తీసింది. కుండలోంచి చెయ్యి వచ్చింది. జయపాల్ దానికి అడ్డం రాకుండా మోకాలు పక్కకు తీసుకున్నాడు. చెయ్యి రెండు విడతలుగా బియ్యం అందుకుని వెళ్లిపోయింది.

"చూశావుగా నాయనా. మరింకేం, రాసుకో."

"చూశా పిన్నీ. చూడలేదని ఎందుకంటాను? కానీ చూడటం వేరు, కొలవడం వేరు. మానికలో పడితేనే కొలత." లేస్తూ, గొంతు తగ్గించి, "వచ్చే కొలతకి నీ పేరున రెండు మానికలు పడనీ చాలు. మిగతాది నేను చూసుకుంటా. బాబాయికి ఆపాటి చెయ్యనా?" అన్నాడు.

రెండు మానికలు ఆ ఇంట్లో లేక కాదు. కానీ దేవుడి గుప్పెడు ఆవిడ చేతిలో ఉన్నంతసేపూ ఆ చెయ్యి లోపలికి పోదు. ఇదొక గుప్పెడు నీకు, ఇదొకటి చర్చికి అని జీవరత్నం రెండు తీసి చూసింది. మొదటిది అందుకున్నాక చెయ్యి మళ్లీ వచ్చి చాచుకుని నిలబడింది. చాచిన చేతి ముందు నుంచి గింజలు తీసుకెళ్లి డబ్బాలో పోసుకోవడం ఆవిడ వల్ల కాలేదు. గుప్పెడుగా తియ్యకుండా రేషను సంచిలోంచే కొలిచి తీసుకెళ్దామా అనుకుంది గానీ, దేవుడి దగ్గర దొంగలెక్క చెప్పడానికి మనసు రాలేదు. రూలు పెట్టినవాడికి లేని బెరుకంతా ఆవిడకే ఉంది.

చివరికి మూత మాట ఎలీషానే అన్నాడు. గోడవైపు తిరిగి పడుకుని, ఆవిడ ముఖం చూడకుండా అన్నాడు.

"దానికి మూత పెట్టవే. ఒక్క నెల."

"ఏం మాటయ్యా అది? ఆ పిల్ల ఏం తింటది?"

"మిగతావాళ్లందరి బియ్యం పోతన్నయ్ గదే అక్కడికి. షెడ్డులో గంజి పోత్తారు, తాగుద్ది. మన ఒక్క గుప్పెడుతోనే బతుకుద్దా?" కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, "నన్ను ఆ నీళ్లలో పెట్టమాకే రత్నం. పిల్ల పక్కన పెట్టు" అన్నాడు.

అతను పెళ్లాన్ని ఏదీ అడిగిన మనిషి కాదు. జీవరత్నం పొయ్యి దగ్గరికెళ్లి, కుండ మీద మూత పెట్టి, మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది.

మర్నాడు ఎసరు మరిగే వేళకి మూత కింద చప్పుడు మొదలైంది. గట్టిగా కాదు, నిద్రపోతున్న అమ్మని లేపినట్టు మెల్లగా. జీవరత్నం గుప్పెడు బియ్యం డబ్బాలో పోసి టీవీ పెట్టింది. టీవీలో ఎవరో నవ్వుతూనే ఉన్నారు. అయినా చప్పుడు వినబడింది. "వినపడతందే" అన్నాడు ఎలీషా. "పడుకో" అంది.

సుబ్బరత్నం పాలు తెచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. "అదేంటొదినా, కుండ మీద పొత్రం పెట్టావ్?"

"నెల రోజులే. అందరి బియ్యం వెళ్తన్నయ్ కదా, అక్కడ తాగుద్దిలే."

సుబ్బరత్నం పాలు పోసి, రోజూ పోసే కొసరు మర్చిపోయి వెళ్లింది.

రోజూ వంట వేళకి చప్పుడు వచ్చేది. కొన్నాళ్లకి సన్నబడింది. ఒకనాడు మూత మీద చెవి పెట్టి విన్నా ఏమీ లేదు. అలవాటు పడిందిలే అనుకుంది జీవరత్నం, అనుకుని ఆ పూట అన్నం తినలేకపోయింది.

కొలత ఆదివారం నాడు జయపాలే స్వయంగా మానిక పట్టుకున్నాడు. నేల మీద దుప్పటి పరిచారు. ఆడవాళ్లు వరసగా వచ్చి డబ్బాలు ఒంపుతున్నారు. జీవరత్నం వంతు వచ్చింది. రెండు మానికలు తలకొట్టి, పైన ఇంకాస్త మిగిలింది. జయపాల్ మైకు దగ్గరికి తీసుకుని, "జీవరత్నమ్మ గారు, రెండు మానికల పైచిలుకు!" అని చదివాడు. చర్చంతా చప్పట్లు కొట్టింది. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. ఎందుకు తిరిగాయో అప్పటికి ఆవిడకీ సరిగా తెలియదు.

కొలత అయ్యాక జయపాల్ ఇంకొక సంగతి చెప్పాడు. సమాధుల దొడ్డికి పాలరాతి కమాను కట్టిస్తున్నారు. ఈ సంవత్సరం మొదటినుంచీ గుప్పెడు బియ్యం మీద వచ్చిందంతా దానికే వాడుతున్నారు. "మన పెద్దలు గౌరవంగా పడుకోవాలి కదండీ. మిషను ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చూద్దాం."

ఆ చర్చిలో ఆడవాళ్లు లేచి మాట్లాడే అలవాటు లేదు. జీవరత్నం లేచింది.

"అయితే నాయనా, ఈ ఏడంతా అక్కడికి ఏం పోలేదా?"

జయపాల్ నవ్వాడు. మంచిగానే నవ్వాడు, ఎగతాళి ఏమీ లేదు. "అదేంటి పిన్నీ, నువ్వు పంపిస్తన్నావుగా! నీ కుండ ఉందన్న ధైర్యంతోనే కదా మేమీ పని పెట్టుకుంది."

అందరూ నవ్వారు. ముద్దుగా నవ్వారు. ఎవరో "స్తోత్రం" అన్నారు.

జీవరత్నం ఆశీర్వాద ప్రార్థన దాకా ఉండలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి వచ్చి పొత్రం దించి, మూత తీసి, సంచిలోంచి గుప్పెడు తీసి కుండ ముందు పట్టుకుంది. ఎసరు లేదు, ప్రార్థన లేదు. "రామ్మా. రా తల్లీ" అంది. కుండలో మసి కనిపించింది.

"చోటిచ్చారా రత్నం?" మంచం మీదనుంచి ఎలీషా అడిగాడు.

"ఇచ్చారు."

"పిల్ల పక్కనేనా?"

"పక్కనే."

అతను ఆ వారమంతా కాస్త తేటగా ఉన్నాడు. బత్తాయి రసం తాగాడు. శనివారం తెల్లవారుజామున ఆవిడ టీ తీసుకెళ్లేసరికి పోయి ఉన్నాడు. కమానుకి కట్టిన పరంజా కట్టెలు ఇంకా విప్పలేదు, దాని కిందనుంచే తీసుకెళ్లారు. సుస్మిత పక్కన అతనికి చోటు సరిగ్గా సరిపోయింది. జయపాల్ శవపెట్టెకి భుజం పట్టాడు. మట్టి వేస్తున్నప్పుడు జీవరత్నం ఏడవలేదని చుట్టాలు చెప్పుకున్నారు.

ఎలీషాని తలుచుకుంటూ చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికనాడు భోజనాలయ్యాక పాస్టరుగారు ఆవిడ పక్కన కూచుని, మెల్లగా చెప్పారు. "మరియదాసు ఫోన్ చేశాడమ్మా. డబ్బు అందక గంజి కేంద్రం ఎప్పుడో మూసేశాడట. అక్కడ తుఫాను వచ్చి, ఆ తర్వాత జబ్బులు కూడా పట్టాయంట. కొంతమంది పిల్లలు..." అని ఆగి, "మీ కుండలోంచి బియ్యం వచ్చినంతకాలం ఇల్లిల్లూ తలా ఒక ముద్ద పంచుకున్నారంట. తర్వాత అదీ ఆగిందంట" అన్నారు.

జీవరత్నానికి అప్పుడు తెలిసింది. ఆ పిల్ల రెండు విడతలుగా తీసుకెళ్లింది తనొక్కదాని కోసం కాదు.

చుట్టాలు వెళ్లిపోయాక ఆవిడ మళ్లీ పొయ్యి వెలిగించింది. గుప్పెడు తీసి కుండ మీద పట్టుకుని నిలబడింది. చెయ్యి నొప్పెట్టి గింజలు కుండలో పడిపోయాయి. అవి అక్కడే ఉన్నాయి. సాయంత్రం ఇంకో గుప్పెడు వేసింది. మర్నాడు రెండేసి వేసింది. తన పళ్లెంలోది తగ్గించుకుని మూడేసి వేసింది. కుండలో బియ్యం పెరుగుతూ వచ్చాయి.

ఒక పొద్దున ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, ఆ బియ్యంలోకి తన చెయ్యి దించింది. మణికట్టు దిగింది, మోచెయ్యి దిగింది. కుండ అంత లోతు ఉండదు. అయినా చెయ్యి దిగుతూనే ఉంది. వేళ్లకి ఉప్పగాలి తగిలినట్టయింది. అప్పుడు అవతలినుంచి ఒక చెయ్యి ఆవిడ చేతిని పట్టుకుంది.

చిన్న చెయ్యి కాదు. గరుకుగా, కణుపులు తేలి, వలలు లాగి కాయలు కాసిన ముసలి చెయ్యి. జీవరత్నం దాన్ని తడిమింది. బొటనవేలి కింద మచ్చ కోసం వెతికింది, లేదు. చిటికెన వేలికి ఏదో చుట్టి ఉంది. దారం. ముడి తడిమి చూసింది. అది తను పిల్ల మణికట్టుకి వేసిన ముడే.

ఆ చెయ్యి గిచ్చలేదు, తోసెయ్యలేదు. తిట్టినా బాగుండేదని జీవరత్నం తర్వాత సుబ్బరత్నంతో అంది. కాసేపు అలా పట్టుకుని ఉండి, వదిలేసింది. కుండ అడుగు ఆవిడ వేళ్లకి గట్టిగా తగిలింది.

"చచ్చిపోయిన బిడ్డ పక్కన జాగా కోసం బతికున్న బిడ్డ నోరు కట్టేశాను వదినా" అంది. సుబ్బరత్నం పాల క్యాను కింద పెట్టి ఆవిడ పక్కన కూచుంది.

కోతల పండగ నాటికి కమాను పూర్తయింది, ఇకనైనా బియ్యం మిషనుకి పోతాయనుకుంది జీవరత్నం. ఆ రోజు కొలతలో జీవరత్నం కుండని ఇద్దరు పట్టి తీసుకురావలసి వచ్చింది. జయపాల్ కొలుస్తూ కొలుస్తూ చెమట తుడుచుకున్నాడు. సంఘం పుట్టినప్పటినుంచీ ఒక ఇంటి నుంచి అన్ని బియ్యం రాలేదని మైకులో చెప్పాడు. ఆవిణ్ణి ముందుకు పిలిచి, స్టీలు క్యారేజీ బహుమతి ఇచ్చి, ఫోటో తీయించాడు. బాబాయికి ఇంకో పక్కన కూడా కాస్త జాగా ఉందనీ, అది పిన్ని పేరుమీద రాసి పెట్టామనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి.

"ఈ బియ్యం ఎటు పోతయ్ నాయనా?" అని అడిగింది జీవరత్నం.

"ఇయ్యాళ మధ్యాహ్నం విందుకే పిన్నీ! కమాను ప్రారంభం కదా. నీ బియ్యమే ఊరంతా తింటది."

ఆవిడ విందుకి ఉండలేదు. క్యారేజీ ఒక చేత్తో, ఖాళీ కుండ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చి, కుండని దాని చోట పెట్టి పొయ్యి వెలిగించింది. ఎసరు పెట్టింది. గుప్పెడు తీసి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి కుండ మీదికి చెయ్యి చాచింది.

సుబ్బరత్నం వచ్చేసరికి ఎసరంతా ఇగిరిపోయి గిన్నె మాడుతోంది. ఆమె పొయ్యి కట్టేసింది.

"చెయ్యి నెప్పెట్టట్లేదా వదినా? దించు."

"ఇంకాసేపు చూద్దాం" అంది జీవరత్నం.

సుబ్బరత్నం వేరే గిన్నెలో పాలు పోసి, కొసరు పోసి, మాడిన గిన్నె దొడ్లో వేసి నీళ్లు నింపి వెళ్లిపోయింది. జీవరత్నం చెయ్యి చాచే ఉంది.